పెట్టె మిగిలింది, చీటీలు పోయాయి

జ్యూక్‌బాక్స్ అనగానే ఈ కాలం తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది యూట్యూబు వీడియో. ఒక సినిమా పాటలన్నీ వరసగా గుదిగుచ్చి, పోస్టరు బొమ్మ ఒకటి తగిలించి, "ఆడియో జ్యూక్‌బాక్స్" అని పేరు పెట్టి వదులుతారు. మొదటి పాట నుంచి చివరి పాట దాకా దాని మానాన అది పాడుకుంటూ పోతుంది. తమాషా ఏమిటంటే అసలు జ్యూక్‌బాక్సు చేసే పని దీనికి పూర్తిగా ఎదురు. జేబులోంచి నాణెం తీసి వేసి, కళ్ళెదురుగా ఉన్న వంద పాటల్లో నాకు ఇదే కావాలి అని మీట నొక్కాలి. ఆ పాట మనకొక్కరికే కాదు, ఆ హోటల్లో కూర్చున్న అందరికీ వినపడుతుంది. నచ్చినా నచ్చకపోయినా పక్క టేబులు వాడి డబ్బులతో పాడే పాట మీరూ వినాల్సిందే. ఎంచుకోవడమే దాని ప్రాణం. ఆ ప్రాణం పోయి పేరొక్కటీ మిగిలింది.

మాట సంగతి పోనీండి, మాటలు అలా మారుతూనే ఉంటాయి. అసలు యంత్రాలకి కూడా అచ్చం ఇదే గతి పట్టింది. అమెరికాలో, యూరప్‌లో పాత జ్యూక్‌బాక్సుల్ని ప్రాణంగా దాచుకునేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. మ్యూజియంలున్నాయి. పెట్టెలు తళతళలాడుతున్నాయి. కానీ ఆ పెట్టెల్లో ఏ ఊళ్ళో ఏ పాటలుండేవి, జనం వాటిలో దేనికి డబ్బులు వేశారు అన్నది మాత్రం దాదాపుగా పోయింది. నన్నడిగితే చరిత్ర అంటే ఆ రెండోదే. ఎందుకో చెప్పాలంటే 1889 దాకా వెనక్కి వెళ్ళాలి.

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టినప్పుడు దానికి ఆయన ఊహించిన ముఖ్యమైన ఉపయోగం ఆఫీసు డిక్టేషను. దొరగారు సిలిండరు మీద ఉత్తరం చెబితే గుమాస్తా దాన్ని విని టైపు కొట్టాలి. 1880ల చివర్లో ఆ యంత్రాల్ని ఆఫీసులకి అద్దెకిచ్చే కంపెనీలు పుట్టాయి. ఆఫీసులకి అవి పెద్దగా నచ్చలేదు. కాలిఫోర్నియాలో అలాంటి ఒక కంపెనీకి జనరల్ మేనేజరు లూయీ గ్లాస్. ఆయనా, విలియం ఆర్నాల్డ్ అనే ఇంకొకాయనా కలిసి ఒక ఎడిసన్ యంత్రానికి నాణెం వేసే అమరిక తగిలించి 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో పాలే రాయల్ అనే సెలూన్లో పెట్టారు. (సెలూన్ అంటే మన క్షవరం సెలూను కాదు, మందు తాగే సెలూను.)

దానికి స్పీకరు లేదు. డాక్టరు స్టెతస్కోపు లాంటి గొట్టాలు నాలుగు వేలాడుతుండేవి. ఒక్కో గొట్టానికి విడిగా ఐదు సెంట్ల నాణెం వేయాలి. ఒకడు విన్న గొట్టం ఇంకొకడు చెవిలో పెట్టుకోవాలి కాబట్టి తుడుచుకోవడానికి తువ్వాలు కూడా పెట్టేవాళ్ళట. ఉన్నది ఒకటే సిలిండరు, కాబట్టి ఎంచుకునే అవకాశమే లేదు. అయినా ఆరు నెలల్లో ఆ యంత్రం వెయ్యి డాలర్లు దాటి సంపాదించింది. లెక్కేసుకోండి, ఇరవై వేల నాణేలు! ఎడిసన్‌కి మాత్రం ఇది నచ్చలేదు. తన గంభీరమైన యంత్రం జనం దృష్టిలో ఆటబొమ్మ అయిపోతుందని ఆయన బాధ. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్టు ఒకందుకు తయారుచేస్తే కస్టమరు ఇంకొకందుకు వాడుకున్నాడు, డబ్బు ఆ ఇంకొకదాన్లోనే వచ్చింది.

అదే కాలంలో రికార్డులతో సంబంధం లేని సంగీత యంత్రాలు కూడా నాణేలు మింగుతూ ఉండేవి. జర్మనీలో పాలిఫోన్, అమెరికాలో రెజీనా కంపెనీలు చిల్లులు కొట్టిన ఉక్కు పళ్ళేలతో పాడే పెట్టెలు చేశాయి. చిల్లుల కాగితపు చుట్టతో వాయించే పియానోలు వచ్చాయి. షికాగోలో మిల్స్ కంపెనీ నిజం వయొలిన్‌ని, పియానోని కలిపి వాయించే యంత్రం కూడా చేసింది. పంచ్ కార్డుల చరిత్రలో జకార్డ్ మగ్గం గురించి అందరం చదువుకుంటాం గానీ వీటి గురించి ఎవరూ చెప్పరు. చిల్లు ఉంటే స్వరం, లేకపోతే నిశ్శబ్దం. ఇంతకంటే చక్కటి బైనరీ ఏముంటుంది?

ఈ చిల్లుల చుట్టల మీదే ఒక పెద్ద కేసు నడిచింది. పాటల హక్కుదారులు పియానో చుట్టల కంపెనీ మీద దావా వేస్తే 1908లో అమెరికా సుప్రీంకోర్టు, చుట్ట అసలు పాటకి "కాపీ" కాదు పొమ్మంది. కారణం? మనిషి దాన్ని చదవలేడు కాబట్టి. ఇవాళ ఎవరైనా సోర్సు కోడుకి కాపీరైటు ఉంది, కంపైల్ చేసిన బైనరీకి లేదు అంటే మనమంతా ఎగిరి పడమూ? మరుసటి ఏడాది, 1909లో, పార్లమెంటు (అక్కడ కాంగ్రెస్ అంటారు) కొత్త చట్టం చేసి ఒక్కో చుట్టకి, ఒక్కో రికార్డుకి రెండు సెంట్లు పాట హక్కుదారుకి ఇవ్వాలంది. కానీ అదే చట్టంలో ఒక చిన్న మినహాయింపు దూర్చారు. నాణెం వేసి పాడించే యంత్రం పాడితే అది లాభం కోసం చేసే బహిరంగ ప్రదర్శన కిందకి రాదు, లోపలికి రావడానికి టిక్కెట్టు పెడితే తప్ప.

1909లో ఇది పెద్ద విషయం కాదు. తిరనాళ్ళ బాపతు యంత్రాలు, పోనీలే అనుకుని ఉంటారు. తర్వాత జ్యూక్‌బాక్సులు లక్షల్లోకి వెళ్ళినా ఆ మినహాయింపు అలాగే ఉండిపోయింది. ఎప్పుడో ఎవరో రాసిన ఇఫ్ కండిషను, దాన్ని ముట్టుకోవాలంటే అందరికీ భయం, దానిమీద బతికేవాళ్ళు మాత్రం ముట్టుకోనివ్వరు. 1976 చట్టంలో గానీ అది పోలేదు. 1978 నుంచి ఒక్కో పెట్టెకి ఏడాదికి 8 డాలర్లు కట్టమన్నారు.

పాటలు రాసినవాళ్ళకి దీనివల్ల జరిగిన నష్టం అందరూ చెప్పేదే. నాకు తోచే నష్టం ఇంకొకటి. పాడినందుకు ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదంటే ఏం పాడారో లెక్క చూపించక్కర్లేదు. రేడియో స్టేషన్లు రాయల్టీ కోసమైనా ఏ పాట వేశామో రాసుకోవాల్సి వచ్చేది. జ్యూక్‌బాక్సుకి ఆ బాధ లేదు. దాదాపు డెబ్భై ఏళ్ళు ఒక దేశం తన డబ్బులు పెట్టి మరీ ఎంచుకున్న పాటల లాగ్ ఫైలు రాయాల్సిన అవసరం చట్టం దృష్టిలో ఎవరికీ లేకుండా పోయింది.

సరే, యంత్రం సంగతికొద్దాం. పాట ఎంచుకునే వీలున్న యంత్రాల్లో ముందు చెప్పుకోవాల్సింది 1906లో షికాగోలో జాన్ గేబెల్ చేసిన ఆటోమాటిక్ ఎంటర్‌టైనర్. 24 రికార్డుల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. అప్పటికింకా కరెంటు ఆంప్లిఫయర్ లేదు, పెద్ద బాకా ఉండేది. 1927లో ఏఎంఐ కంపెనీ ఆంప్లిఫయర్ పెట్టిన పెట్టె తెచ్చాక గదంతా వినపడడం మొదలైంది. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చింది. 1927లో సుమారు పది కోట్ల రికార్డులు అమ్మిన దేశంలో 1932కి అమ్మకాలు అరవై లక్షలకి పడిపోయాయని చెబుతారు. ఇళ్ళల్లో రికార్డు కొనే స్తోమత లేదు గానీ ఐదు సెంట్లకి ఒక పాట వినే స్తోమత ఉంది. 1933 చివర్లో మద్యనిషేధం ఎత్తేశారు, బార్లు తెరుచుకున్నాయి, ప్రతి బారుకీ పాట కావాలి, బ్యాండుని పెట్టుకునే డబ్బు లేదు. వర్లిట్జర్, సీబర్గ్, రాక్-ఓలా (ఇది రాక్ సంగీతం చూసి పెట్టిన పేరు కాదు, యజమాని ఇంటిపేరే రాకోలా) కంపెనీలన్నీ ఈ గిరాకీ మీదే పెరిగాయి.

జ్యూక్‌బాక్స్ అనే పేరు మాత్రం కంపెనీలకి గిట్టేది కాదు. వాళ్ళు ముచ్చటగా ఆటోమాటిక్ ఫోనోగ్రాఫ్ అనేవాళ్ళు. జ్యూక్ అనేది దక్షిణాది నల్లవాళ్ళ మాట, పొలాల దగ్గర తాగి ఆడి పాడుకునే పాకల్ని జ్యూక్ జాయింట్లు అనేవాళ్ళు. పేరు జనం పెట్టారు, అదే నిలిచింది.

మన వృత్తివాళ్ళకి మురిపెంగా ఉండే భాగం సీబర్గ్. 1948లో వాళ్ళ ఎం100ఏ మోడలు వచ్చేదాకా చాలా పెట్టెల్లో ఇరవై నాలుగు పాటలకి మించి ఉండేవి కాదు. ఇది 50 రికార్డుల్ని పుస్తకాల్లాగా నిలువుగా వరసలో పెట్టి రెండు వైపులా పాడించి వంద పాటలిచ్చింది. పట్టాల మీద నడిచే బండి ఒకటి వెళ్ళి కావాల్సిన రికార్డుని లాగి, నిలువుగానే తిప్పి పాడిస్తుంది. రెండేళ్ళకి 45 ఆర్‌పీఎం చిన్న రికార్డులకి మారారు. 1955లో వచ్చిన వీ-200లో రెండు వందల పాటలు. ఎవరు ఏ పాట నొక్కారో గుర్తుపెట్టుకోవడానికి అందులో "టార్మాట్" అనే అమరిక పెట్టారు. అదేమిటో తెలుసా? మాగ్నెటిక్ కోర్ మెమరీ! పాటకొక చిన్న ఫెరైట్ ఉంగరం, అంటే పాటకొక బిట్. ఎంఐటీలో వర్ల్‌విండ్ కంప్యూటరుకి 1953లో కోర్ మెమరీ పెడితే, రెండేళ్ళకల్లా అది బార్లో బీరు గ్లాసుల పక్కకొచ్చింది. మామూలు మనుషులు వేలితో నొక్కి డేటా రాసిన మొదటి కోర్ మెమరీల్లో ఇదొకటి అనుకుంటే నాకు భలే సరదాగా ఉంటుంది.

దీని ప్రవర్తన ఇంకా సరదా. బండి వరస వెంట పోతూ ఉంగరాల్ని చదువుకుంటూ పోతుంది, బిట్ ఉన్నచోట ఆగి పాడుతుంది. అంటే మీరు ముందు డబ్బులేశారా, నేను ముందేశానా అని చూడదు. దారిలో ఏది ముందొస్తే అది. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో డిస్క్ షెడ్యూలింగ్ కింద లిఫ్ట్ అల్గారిథం చదువుకున్నాం చూడండి, అదే. ఒకే పాటని ఇద్దరు నొక్కితే? బిట్ ఒకటే కాబట్టి అది ఒక్కసారే పాడుతుంది. రెండు నాణేలు, ఒక పాట. దీన్ని బగ్ అనాలో ఫీచరనాలో పెట్టె యజమానిని అడగాలి.

యజమాని అంటే బారు ఓనరు కాదు. ఆపరేటర్ అని వేరే మనిషి ఉండేవాడు. పెట్టెలు అతనివి, ఊళ్ళో ఇరవై ముప్ఫై చోట్ల పెట్టి వారానికోసారి తిరిగేవాడు. డబ్బుల పెట్టె తెరిచి బారు వాడితో పంచుకోవడం, అరిగిన రికార్డులు మార్చడం, కొత్తవి పెట్టడం అతని పని. షికాగో లాంటి చోట్ల ఈ వ్యాపారంలోకి రౌడీ ముఠాలు దూరాయి, 1959లో అమెరికా సెనేటు కమిటీ దానిమీద విచారణలు కూడా జరిపింది, అది వేరే కథ. మనకి కావాల్సింది అతని చేతిలో ఉన్న సమాచారం. చాలా పెట్టెల లోపల రికార్డు రికార్డుకీ ఎన్నిసార్లు పాడిందో చెప్పే మీటరు ఉండేది. ఆపరేటర్ అది చూసుకుని, పాడని దాన్ని తీసేసి, సున్నాకి తిప్పేసి వెళ్ళిపోయేవాడు. కంపెనీ మీటరు పెట్టింది వచ్చే వారం డబ్బుల కోసం, చరిత్ర కోసం కాదుగా. బిల్‌బోర్డ్ పత్రిక 1944 నుంచి 1957 దాకా జ్యూక్‌బాక్సుల్లో ఎక్కువగా పాడిన పాటల పట్టీ ప్రత్యేకంగా వేసింది. బాగానే ఉంది, కానీ అది దేశం మొత్తానికి సగటు. మిసిసిపీలో ఒక వీధిలో ఏం విన్నారో అందులో దొరకదు.

మిసిసిపీ అని ఊరికే అనలేదు. ఆ వీధి సంగతి మనకి తెలిసే ఒక అరుదైన సందర్భం ఉంది.

1941లో నాష్‌విల్‌లోని నల్లవాళ్ళ విశ్వవిద్యాలయం ఫిస్క్, వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కలిసి మిసిసిపీ డెల్టాలో కొహోమా కౌంటీ జానపద సంగీతం మీద అధ్యయనం మొదలుపెట్టాయి. లైబ్రరీ తరఫున ఆలన్ లోమాక్స్, ఫిస్క్ తరఫున జాన్ వర్క్ అనే సంగీతకారుడు, లూయిస్ జోన్స్ అనే సామాజికశాస్త్రవేత్త, శామ్యూల్ ఆడమ్స్ అనే విద్యార్థి. లోమాక్స్, వర్క్ రికార్డింగు యంత్రం మోసుకుని పల్లెల్లో గాయకుల కోసం తిరిగారు. జోన్స్ ఇంకో పని కూడా చేశాడు. క్లార్క్స్‌డేల్ అనే పట్టణంలో నల్లవాళ్ళు వెళ్ళే ఐదు బార్లకి వెళ్ళి, అక్కడి జ్యూక్‌బాక్సుల మీదున్న పాటల చీటీలన్నీ వరసగా కాగితం మీద ఎక్కించుకున్నాడు. అంతే. ఆ పనికి పెన్సిలు చాలు.

ఆ పట్టికలో ఏముంది? బ్లూస్ సంగీతానికి పుట్టినిల్లు అని ఇప్పుడు టూరిస్టులు వెళ్ళే ఊరు అది. అక్కడి నల్లవాళ్ళు రోజూ వినేది గిటారు పట్టుకున్న పల్లెటూరి గాయకుల్నే అని మన ఊహ. పట్టికలో మాత్రం కౌంట్ బేసీ, ఫాట్స్ వాలర్, లూయీ జోర్డన్ లాంటి పట్నపు బ్యాండ్లవాళ్ళు కూర్చున్నారు. తెల్లవాళ్ళ బ్యాండ్ల పాటలూ ఉన్నాయి. అంటే డెల్టా జనం దేశంలో మిగతావాళ్ళు వింటున్నదే వింటున్నారు. మూల పడిపోయిన, బయటి గాలి సోకని సంగీతం అన్నది తర్వాతి తరం అభిమానులు అల్లుకున్న బొమ్మ. ఎలైజా వాల్డ్ 2004లో బ్లూస్ చరిత్రని తిరగరాస్తూ రాసిన పుస్తకంలో ఈ పట్టిక ఒక గట్టి సాక్ష్యం.

ఈ అధ్యయనం మొదట అనుకున్నట్టుగా పుస్తకమై రాలేదు. వర్క్ రాసింది కనపడకుండా పోయి, ఎక్కడో పాత కాగితాల కట్టల్లో దొరికి, వర్క్, జోన్స్, ఆడమ్స్ ముగ్గురి రాతలూ కలిపి 2005లో అచ్చయ్యాయి. అరవై ఏళ్ళ పైచిలుకు! రికార్డు చేసినాయనకి పేరొచ్చింది, రాసుకున్నవాళ్ళ కాగితాలు అటకెక్కాయి.

అదే 1941 ఆగస్టులో లోమాక్స్, వర్క్ ఆ పట్టణం పక్క తోటలో ట్రాక్టరు నడిపే కుర్రాణ్ణి రికార్డు చేశారు. ఆయనే తర్వాత షికాగో వెళ్ళి మడీ వాటర్స్‌గా ప్రసిద్ధుడయ్యాడు. లైబ్రరీ వాళ్ళు తనకి రికార్డు కాపీలు రెండూ, ఇరవై డాలర్లూ పంపారనీ, తను ఆ రికార్డు పట్టుకెళ్ళి వీధి మొగలో ఉన్న జ్యూక్‌బాక్సులో పెట్టించి మళ్ళీ మళ్ళీ విన్నాననీ ఆయన తర్వాత చెప్పుకున్నాడు. తన పాట కూడా ఆ పెట్టెలోంచి రాగలదని తెలియడం మామూలు విషయమా? ఆ పెట్టె మాత్రం ఏమైందో నాకు తెలియదు.

ఇక పెట్టెల్ని దాచుకునేవాళ్ళ సంగతి. ముందు ఒక మాట ఒప్పుకోవాలి, వాళ్ళే లేకపోతే పెట్టెలు కూడా మిగిలేవి కావు. వర్లిట్జర్ లాంటి కంపెనీ పాత మోడళ్ళని ఎక్స్ఛేంజి కింద తీసుకుని, అవి మళ్ళీ మార్కెట్లోకి రాకుండా పగలగొట్టించేది. 1974లో ఆ కంపెనీ అమెరికాలో జ్యూక్‌బాక్సుల తయారీ ఆపేసింది, 1979లో సీబర్గ్ దివాలా తీసింది. ఆ తర్వాత విడిభాగాలు, సర్వీసు మాన్యువళ్ళు, వైరింగ్ పటాలు కాపాడింది గ్యారేజీల్లో చేతులు మసి చేసుకున్న మామూలు మనుషులే. కుంచించుకుపోయి పగిలే కాటలిన్ ప్లాస్టిక్కుతో, పొడిపొడిగా రాలే చవక లోహపు భాగాలతో కుస్తీ పట్టినవాళ్ళకి నమస్కారం పెట్టాల్సిందే.

నా గొడవ దేన్ని దాస్తున్నారన్న దాంతో. అందరికీ కావాల్సింది వర్లిట్జర్ 1015. బుడగలు పాకే రంగు గొట్టాలు, పైన గుండ్రటి తల, జ్యూక్‌బాక్సు బొమ్మ ఎక్కడ గీసినా అదే గీస్తారు. 56 వేలకి పైగా చేశారు. దాన్ని చూడగానే ఎల్విస్, రాక్ అండ్ రోల్ గుర్తొస్తాయి. కానీ అది 1946 నాటిది, 78 ఆర్‌పీఎం పెద్ద రికార్డులే పాడుతుంది. ఎల్విస్ మొదటి రికార్డు రావడానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది! 1986లో జర్మనీ వర్లిట్జర్ వాళ్ళు అదే ఆకారంలో కొత్తవి చేసి అమ్మారు కూడా. లోపల ఏముందన్నది ఎవరికీ పట్టలేదు, ఆకారం చాలు. ఇంకొందరైతే అసలు పాతపెట్టె పేగులన్నీ పీకేసి ఎంపీత్రీ ప్లేయరు పెడతారు. పాత చీటీలు తీసేసి, తమకిష్టమైన పాటల పేర్లు ప్రింటు కొట్టి అంటిస్తారు. పెట్టె కొత్తగా మెరుస్తుంది.

దీనికి పూర్తి ఎదురుగా ఇంకో రకం జనం ఉన్నారు. అమెరికా డైనర్లలో టేబులు పక్కన గోడకి చిన్న పెట్టెలు ఉండేవి, నేను న్యూజెర్సీలో ఒకచోట పనిచేయనిది ఒకటి చూశాను. వేలితో పేజీలు తిప్పుకుంటూ పాట చూసి నొక్కితే, సీబర్గ్ వాల్-ఓ-మాటిక్ అయితే వైరు వెంట పల్సులు పంపుతుంది, ఆ పల్సులు లెక్కపెట్టుకుని మూలనున్న పెద్ద పెట్టె పాట వేస్తుంది. శుద్ధ క్లయింట్-సర్వర్. ఈ పల్సుల్ని రాస్ప్‌బెర్రీ పైతో చదివి ఇంట్లో స్పీకర్లకి తగిలించుకునేవాళ్ళు ఉన్నారు. వీళ్ళని నేను మెచ్చుకుంటాను. పాతది ఏదీ పీకరు, ప్రోటోకాల్ ఏమిటో తెలుసుకుని నలుగురికీ రాసి పెడతారు.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011లో "నేషనల్ జ్యూక్‌బాక్స్" అని పేరు పెట్టి పదివేలకి పైగా పాత రికార్డుల్ని ఆన్‌లైన్లో వినిపించడం మొదలుపెట్టింది. బ్రహ్మాండమైన పని. 1923కి ముందటి అమెరికా రికార్డింగులు 2022 జనవరి 1 నుంచి అందరి సొత్తూ అయ్యాయి. కానీ అది రికార్డుల చరిత్ర. రికార్డు ఎక్కడికి వెళ్ళింది, ఎవరు నాణెం వేశారు అన్నది అందులోనూ లేదు, ఉండదు కూడా.

కాబట్టి అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక విన్నపం. ఎస్టేట్ సేల్సుకి, గ్యారేజీ సేల్సుకి వెళ్ళే అలవాటు మనవాళ్ళకి బాగానే ఉందిగా. ఎప్పుడైనా పాత జ్యూక్‌బాక్సు గానీ గోడపెట్టె గానీ కనపడితే, కొన్నా కొనకపోయినా, చీటీల ఫోటోలు తీయండి. చీటీ మీద పైన ఒక వైపు పాట, మధ్యలో గాయకుడి పేరు, కింద రెండో వైపు పాట ఉంటాయి. అచ్చు చీటీల మధ్యలో టైపు కొట్టినవో చేత్తో రాసినవో కనిపిస్తే వాటిని ఇంకాస్త దగ్గరగా తీయండి, అచ్చు చీటీ దొరకని రికార్డుని ఆపరేటర్ పనిగట్టుకుని పెట్టాడన్నమాట, ఆ ఊరి బ్యాండే అయ్యుండొచ్చు. వెనక తలుపు తీయనిస్తే మీటర్ల మీది అంకెలు కూడా తీయండి. అడుగున నూనె మరకల కాగితాలేమైనా ఉంటే ఊడ్చి పారేయొద్దని అమ్మేవాళ్ళకి చెప్పండి. పెట్టె ఏ ఊళ్ళో, ఏ హోటల్లో ఉండేదో అడిగి ఫోటో పేరులోనే రాసుకోండి, సంవత్సరంతో సహా.